ఒకే లైను రెండుసార్లు

ఆ రోజుల్లో పాట చేత్తో ముట్టుకునే వస్తువు. ఇప్పటిలా అడగ్గానే గాల్లోంచి ఫోనులోకి దిగివచ్చేది కాదు. ఎవరో ఒకరు కంప్యూటరు ముందు కూర్చుని, గోరంత మెమరీ కార్డులోకి ఓపిగ్గా ఎక్కించి ఇవ్వాలి. మార్కాపురం బస్టాండు దాటాక ఒక సందులో, పలకల ఫ్యాక్టరీల నుంచి వచ్చే బూడిదరంగు దుమ్ము రోజంతా సన్నగా వాలుతుండే సెల్లు దుకాణంలో, ఆ ఎక్కించేవాణ్ణి నేను. డిగ్రీ అయిపోయింది (ఒక్క పేపరు తప్ప. దాని సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు, ఎత్తితే మా నాయన ముద్ద కంచంలోనే వదిలేసి లేచిపోతాడు). ఉద్యోగం చేస్తున్నానని నేను ఊళ్లో చెప్పుకుంటే, మా పెద్దమ్మ ఇంకో అడుగు ముందుకు వేసి, "మావాడు మార్కాపురంలో కంప్యూటర్లో ఉండాడు" అని చెప్పేది. మిరపచేలల్లో కూలికి వెళ్లే మా పేట ఆడవాళ్లంతా నేను నిజంగానే ఆ పెట్టె లోపల ఎక్కడో ముడుచుకుని కూర్చుని ఉంటానని నమ్మి, పాపం, నన్ను జాలిగా చూసేవాళ్లు.

దుకాణం యజమానిని అందరూ సెల్లు చిన్నాయన అనేవాళ్లం. ఆయన నాకు ఏమీ కాడు. కానీ మా వైపు వరస కలపకుండా ఎవరితోనూ మాట్లాడలేం, కాబట్టి చిన్నాయన. ఒకసారి, ఎండాకాలం మొదట్లో, నల్లమలలో పక్షుల గురించి ఏదో పరిశోధన చేస్తున్నాడని చెప్పుకునే గడ్డం మనిషి ఒకడు దుకాణానికి వచ్చి, కార్డు ఇచ్చి, "దీంట్లో పాటలన్నీ తీసేయండి, ఫొటోలకు చోటు కావాలి" అన్నాడు. తీసేసేముందు ఏ పాటనైనా మా కంప్యూటరులోకి ఒక కాపీ లాగిపెట్టుకోవడం మా దుకాణం ఆచారం. లాగాను. ఆయన వెళ్లిపోయాడు. మధ్యాహ్నం, సందులో మనిషి అలికిడి లేదు. ఫ్యాను తనకే నిద్ర వస్తున్నట్టు తిరుగుతోంది. సరే ఏముందో చూద్దామని చెవులకు తగిలించుకున్నాను.

ఇద్దరే ఇద్దరు మనుషులు. ఒకడు గిటారు వాయిస్తూ పాడుతున్నాడు, ఇంకొకడు మౌత్ ఆర్గాన్ ఊదుతున్నాడు. డప్పు లేదు, తబలా లేదు, వెనక వయొలిన్ల గుంపు లేదు. గిటారు మోగుతున్నట్టు కాదు, ఎవరో మొహమాటస్తుడు తలుపు మెల్లగా తడుతున్నట్టుంది. గొంతు ముసలిది, గరుకుగా ఉంది, తీరిగ్గా ఉంది. ఒక లైను పాడాడు. తర్వాత మళ్లీ అదే లైను పాడాడు. ఫైలు పాడైపోయింది! ఆపి, మళ్లీ మొదటినుంచి పెట్టాను. మళ్లీ అదే లైను రెండుసార్లు. ఇంకో పాట పెట్టాను. దానిలోనూ మొదటి లైను రెండుసార్లు వచ్చింది. కంప్యూటరుకు వైరస్ పట్టిందనుకుని చెమటలు కక్కుతూ చిన్నాయనను పిలిచాను. ఆయన ఒక చెవికి తగిలించుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు విన్నాడు.

"వైరస్ కాదు గాని," అన్నాడు చివరికి, "ఆయనింట్లో ఎవరికో చెవుడు ఉన్నట్టుండాది. మా అత్తతో నేను గూడ ఇట్లనే మాట్లాడతా."

ఆయన వెళ్లి పడుకున్నాడు. నేను మాత్రం వింటూనే ఉన్నాను. రెండుసార్లు ఒకే లైను వచ్చాక మూడోది వేరేగా వచ్చింది. ఆ మూడో లైను వచ్చేసరికి ఏదో తేలికపడ్డట్టు అనిపించింది. గుండెల్లో ఉన్నది ఒకసారి చెప్పి, ఎవరూ పట్టించుకోకపోతే మళ్లీ అదే చెప్పి, అప్పుడు కాస్త తలెత్తి, "అదీ సంగతి" అన్నట్టుగా మూడో మాట. అతను ఒక్కో మాట ఆపినప్పుడల్లా మౌత్ ఆర్గాన్ అందుకుంటుంది. పక్కింటి అరుగు మీద కూర్చుని ఊఁ కొడుతున్నట్టు. మాటలు నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు (ఆ మిగిలిపోయిన పేపరు ఇంగ్లిషే). కానీ తెలిసిన సంగతేదో చెబుతున్నట్టే ఉంది. మిరపకోతలప్పుడు ముందు వరసలో మా పెద్దమ్మ ఒక మాట ఎత్తుకుంటుంది, వెనక వరస అదే మాట తిప్పి అంటుంది, మూడో మాట ఎవరి నోట వస్తే వాళ్లది. ఎక్కడి సముద్రాల అవతలి ముసలివాళ్లో వీళ్లు, మా పెద్దమ్మ చేలో కోతకు వచ్చి కూర్చున్నారు! అద్దంలోంచి చూస్తే సందు చివర ఎండ నీళ్లలా కదులుతోంది. ఆ ఎండకవతల నల్లమల కొండలు నీలంగా, పలచగా ఉన్నాయి. ఆ సంగీతాన్ని బ్లూస్ అంటారని తర్వాత తెలిసినప్పుడు నేనేమీ ఆశ్చర్యపోలేదు. నల్లటి కొండలు దూరంనుంచి నీలంగా కనబడే ఊళ్లో పుట్టినవాడికి ఎవరో విడమరిచి చెప్పాల్సిన పనేముంది!

ఆ వారం నేను చేసిన పని చిన్నాయనకు తెలిస్తే ఉద్యోగం ఊడేది. ఎవరు వచ్చి ఏ పాటలు అడిగినా, వాళ్లడిగినవాటి చివర ఈ ఇద్దరు ముసలివాళ్ల పాట ఒకటి ఊరికే కలిపి పంపేవాణ్ణి. లోకానికి ఉపకారం చేస్తున్నానని నా నమ్మకం. లోకం తిరిగి దుకాణానికి వచ్చింది. "అన్నా, ఎవరో ఇద్దరు ముసలోళ్లు నా ఫోన్లోకి దూరినారు, బయటికి పంపించు" అని ఒక ట్రాక్టరు డ్రైవరు. "నాయనా, భజన పాటలు అయిపోయినాక ఎవరో మూలుగుతాన్నారు, భయమైతాంది" అని ఒక అవ్వ. అందరూ ఫిర్యాదు చేయడానికే వచ్చారు, ఒక్కడు తప్ప. సందు మొదట్లో పంక్చర్ల దుకాణం నడిపే నా ఈడువాడు. పొద్దంతా టైర్లకు గాలి కొడతాడు కాబట్టి అందరూ వాణ్ణి గాలిభాయ్ అనేవాళ్లు. గ్రీజు చేతులు వెనక్కి పెట్టుకుని వచ్చి నిలబడి, "అరె భాయ్, నా సెల్లులో ఆ బాజా వాయించేటోడు ఎవరు?" అన్నాడు.

"తెల్దు. బాలేదా?"

"బాలేదని ఎవరన్నారు? రాత్రంతా నేను నిద్రపోతే గదా. వాడు ఊదుతాన్నాడని అనుకుంటాన్నావా నువ్వు? నై భాయ్. పీలుస్తాన్నాడు. చూడు ఇట్ల." జేబులోంచి తుప్పు పట్టిన మౌత్ ఆర్గాన్ ఒకటి తీశాడు. వాళ్ల మామ ఎప్పుడో ఉరుసులో కొని ఇచ్చాడట. ఊదాడు. ఐస్‌క్రీం బండి వచ్చినట్టుంది. తర్వాత అదే చోట ఊపిరి లోపలికి లాగాడు. సన్నగా, వంకర తిరిగిన ఒక ఏడుపు బయటికి వచ్చింది. దాంతోపాటు ఎన్నేళ్లనుంచో దాంట్లో ఉన్న దుమ్మంతా వాడి గొంతులోకి పోయి, చాలాసేపు దగ్గాడు. దగ్గు ఆగాక మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మా జంట ఆ దగ్గుతో మొదలైంది.

గిటారు మా పేట చర్చిలో ఉండేది. నేను చిన్నప్పటినుంచీ ఆదివారం పాటలకు దాని మీద నాలుగు తీగలు గీకేవాణ్ణే. ఆదివారాలు తప్ప మిగతా రోజులు పట్నానికి తీసుకుపోతానని అడిగితే, అయ్యగారు కళ్లద్దాల మీదుగా చూసి, "ప్రతి ఆదివారం పొద్దున్నే తెచ్చియ్యాల. దీని మీద సినిమా పాటలు వాయిస్తే దేవుడికి తెలుస్తాది. నాగ్గూడ తెలుస్తాది" అన్నారు. "సినిమా పాటలు కావయ్యగారూ" అన్నాను నిజాయితీగానే. యూరియా సంచిలో మెడ దాకా దూర్చి, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను (పక్క సీటాయన దారిపొడుగునా, సొరకాయ ఎక్కడ దొరికింది, విత్తనాలు దొరుకుతాయా అని అడుగుతూనే ఉన్నాడు). సాయంత్రాలు దుకాణం కట్టేసే వేళకు పాత టైర్ల గుట్ట మీద చేరేవాళ్లం. ఆ ముసలాయన తీగల మీద ఏదో జార్చి, శబ్దాన్ని మనిషి గొంతులా సాగదీస్తున్నాడు. మాకు ఆ ఉపాయం అంతుపట్టలేదు. గాలిభాయ్ తన డబ్బాలోంచి నట్లు విప్పే చిన్న గొట్టం పానా ఒకటి తీసి నా వేలికి తొడిగాడు. దాంతో తీగ మీద జార్చగానే, నిజం చెబుతున్నాను, సందులో కుక్క లేచి కూర్చుంది. మాకు ఆనందం పట్టలేదు. పానా మాత్రం వేలినుంచి రానంది. ఆ పూట నేను గ్రీజు, సబ్బు, కొబ్బరినూనె అన్నీ అయ్యాక, గాలిభాయ్ టైరు లీవరు వైపు చూడటం గమనించి, భయంతో ఒక్క లాగు లాగితే వచ్చింది.

ఇక అసలు కష్టం అప్పుడు మొదలైంది. వాయించడం కాస్తో కూస్తో పట్టుబడింది. కానీ పాడటానికి మాకు బాధలు లేవు. ఆ పాటలన్నీ బాధల పాటలని, ఎవరో వెళ్లిపోతేనో, ఎవరో మోసం చేస్తేనో అవి పుడతాయని గాలిభాయ్ ఎక్కడో విని వచ్చాడు. టైర్ల మీద వెల్లకిలా పడుకుని, ఆకాశం రంగు మారుతుంటే చూస్తూ, మేము చాలా పద్ధతిగా బాధల కోసం వెతుక్కున్నాం.

"నీకేమన్నా బాధ ఉందా?" అన్నాను.

వాడు చాలాసేపు ఆలోచించాడు. "మొన్న మా అన్న నిఖాలో బిర్యానీ తిన్నా గదా. నా ప్లేట్లో ముక్కే రాలే."

"అది పాటకు చాలదు."

"నీకు తెల్దులే. ఇంట్లో పెళ్లి భాయ్, సొంత అన్న పెళ్లి!" వాడు నిజంగానే లేచి కూర్చున్నాడు. "సరే, నీదేంది?"

నేను నా జీవితమంతా తిరగేశాను. మిగిలిన పేపరు, తిట్టని నాయన, ఏ అమ్మాయీ చూడని నా ముఖం. ఏదీ పాటగా లేవలేదు. చివరికి ఆరోజు పొద్దున్నే జరిగిన సంగతి గుర్తొచ్చింది. మా ఊరి అడ్డరోడ్డు దగ్గర చెయ్యెత్తి నిలబడితే ఎక్స్‌ప్రెస్సు బస్సు ఆపకుండా పోయింది. అంతే. కానీ ఆ రంగులో, ఆ నిదానంలో, దాన్నే పెదవుల మీదికి తెచ్చుకుంటే ఇలా వచ్చింది:

ఎక్స్‌ప్రెస్సు ఆపలేదు, ఎండలోన నిలబెట్టి పాయె,
ఎక్స్‌ప్రెస్సు ఆపలేదు, ఎండలోన నిలబెట్టి పాయె,
కిటికీలో ఒక చెయ్యి ఊగె, రమ్మనో పొమ్మనో తెలియదాయె.

పాడటం ఆపాక గాలిభాయ్ మౌత్ ఆర్గాన్ నోట్లోంచి తీశాడు. "ఎవరిది భాయ్ ఆ చెయ్యి?" అన్నాడు మెల్లగా. నాకు తెలియదు. ఎవరైనా వక్కాకు ఉమ్మేసి చెయ్యి తుడుచుకుంటున్నారేమో కూడా. కానీ ఆ సాయంత్రం ఆ చేతికి గాజులున్నాయని, అవి నా కోసమే మోగాయని నేను పూర్తిగా నమ్మేశాను.

వేసవి ముదిరాక సెల్లు చిన్నాయన పెద్దకూతురి పెళ్లి కుదిరింది. ఆ పిల్లను అందరం పెద్దపాప అనేవాళ్లం. గిద్దలూరు సంబంధం. పెళ్లికొడుకు వాళ్లు పొద్దున్నే బస్సు కట్టించుకుని కల్యాణమండపానికి దిగారు. ముహూర్తం ఇంకా ఉంది, ఈలోగా టిఫిన్లు పెడుతున్నారు. చిన్నాయన మాట్లాడుకున్న డీజే బాక్సుల బండి మాత్రం దర్శి దాటి ఎక్కడో ఆగిపోయిందని ఫోను వచ్చింది. అంత పెద్ద హాల్లో ఉప్మా నములుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. చిన్నాయన పట్టుపంచె ఎగ్గట్టుకుని, మేము చట్నీ బకెట్లు మోస్తున్న చోటికి పరుగెత్తుకొచ్చాడు.

"ఒరే, మీరిద్దరూ ఏందో గీకుతా ఊదుతా ఉంటారంట గదా. బాక్సులొచ్చే దాంక లాగించండ్రా. ఇట్ల మూగగా తింటాంటే పెళ్లి మాదిరి లేదు."

ఇంతకంటే పెద్ద పిలుపు ఎవరికి వస్తుంది! గాలిభాయ్ దుకాణంలో ఉన్న గిటారు తెచ్చాం. మైకు లేదు. కూల్‌డ్రింకు పెట్టెలు రెండు బోర్లా వేసుకుని, భోజనాల హాలు గుమ్మం పక్కన కూర్చున్నాం. మాకు వచ్చిన పాటలు తక్కువ, అందులో సిద్ధంగా ఉన్నది ఒక్కటే. ఎక్స్‌ప్రెస్సు ఆపలేదు. మొదటిసారి ఆ లైను పాడినప్పుడు ఎవరూ తలెత్తలేదు. రెండోసారి అదే లైను పాడేసరికి నమలడం కాస్త నెమ్మదించింది. మూడో లైను దగ్గర గాలిభాయ్ ఊపిరి లోపలికి లాగాడు చూడండి, వడ్డించేవాడి చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. కిటికీల్లోంచి పడుతున్న పొద్దుటెండలో దుమ్ము బంగారంలా తేలుతోంది. హాలంతా ఏదో చెరువు అడుగున ఉన్నట్టు నిశ్శబ్దంగా, మెత్తగా ఉంది. నేను కళ్లు మూసుకున్నాను. మళ్లీ కళ్లు తెరిచేసరికి పెళ్లికొడుకు మేనత్త కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. ఆహా అనుకున్నాను. ఇంకోసారి ఎత్తుకున్నాను. అప్పుడే మేడ మీదనుంచి ఎవరో ఆడమనిషి కంగారుగా దిగి వచ్చి, అందరికీ వినబడే గుసగుసతో, "పెండ్లికూతురు ఏడుస్తాంది! కాటికంతా కారిపోయింది!" అంది.

పెళ్లికొడుకు పెద్దమామ ఉప్మా ప్లేటు కింద పెట్టేశాడు. ఆయన పెట్టగానే గిద్దలూరు వరస వరసంతా ప్లేట్లు కింద పెట్టేసింది. ఆయన కోర మీసం మనిషి. నిదానంగా చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ వచ్చి, నా ముందు నిలబడ్డాడు.

"ఏం పని చేస్తావు నువ్వు?"

"పాటలెక్కిస్తా మామా. వీళ్ల దుకాణంలోనే."

"పిల్ల నాయన దుకాణంలోనే." ఆయన ఆ మాటను నెమ్మదిగా తలాడిస్తూ అన్నాడు. "ఊఁ. మరి ఆ బస్సులో పోయిందెవరు? ఆ చెయ్యెవరిది?"

అప్పటిగ్గానీ నాకు అర్థం కాలేదు. నేను తండ్రి దుకాణంలో పనివాణ్ణి, వెళ్లిపోయిన చెయ్యి గురించి పాట, మేడ మీద ఏడుస్తున్న పెళ్లికూతురు. ఈ మూడింటినీ ఆయన ఒక దండగా గుచ్చేశాడు. చిన్నాయన ముఖం చూస్తే, గోడకు కొట్టిన సున్నంలా ఉంది. ఏడాదిగా తిరిగి కుదుర్చుకున్న సంబంధం, బయట పందిరి, లోపల చుట్టాలు, అంతా నా గొంతులోంచి వచ్చిన మూడు లైన్ల మీద వేలాడుతోంది. "ఎవరిదీ కాదు మామా, అది... ఊరికే చెయ్యి" అన్నాను. ఎంత చెత్త జవాబో నాకే వినబడింది. గాలిభాయ్ నన్ను కాపాడదామని లేచాడు. "మామా, వీనికి బస్సులో సీటే దొరకదు. పిల్ల యాడ దొరుకుతాది? క్యా బోల్తే, వీని ముఖం ఒకసారి నిదానంగా చూడు నువ్వు." పెద్దమామ నిజంగానే చూశాడు. కొంచెం మెత్తబడ్డట్టు కూడా కనిపించాడు. (నా ముఖం ఒక పెళ్లిని నిలబెట్టేదాకా వచ్చింది. అందుకు సంతోషించాలో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.)

ఇంతలో మెట్ల మీద గాజులు మోగాయి. పెద్దపాప తనే దిగి వచ్చింది. జడ సగం వేసి ఉంది, ఒక కంటికి కాటుక ఉంది, రెండో కంటిది చెంప మీద ఉంది. వెనక వాళ్లమ్మ ఆపబోతున్నా ఆగలేదు. నేరుగా పెద్దమామ ముందుకు వచ్చి నిలబడింది.

"నేనొక్కదాన్నే ఏడ్చినానా? మీ అబ్బాయి మేనత్త గూడ ఏడ్చింది, మేడ మీదనుంచి చూసినా. అడగండి."

అందరూ మేనత్త వైపు తిరిగారు. ఆమె, "నేనెందుకు ఏడుస్తా? ఉప్మాలో పచ్చిమిరపకాయ కొరికినా" అంది. అని, మళ్లీ ముక్కు చీదింది.

"నాకైతే ఎందుకొచ్చిందో నాగ్గూడ తెల్దు," అంది పెద్దపాప. "ఆయన మొదటిసారి అన్నప్పుడు నాకేం కాలే. అదే మాట మళ్లీ రెండోసారి అన్నాడు చూడండి, అప్పుడొచ్చింది. మొదటిసారి అందరికీ చెప్పినట్టుండాది, రెండోసారి నాకొక్కదానికే చెప్పినట్టుండాది. నేను రేపట్నుంచి ఈ ఊళ్లో ఉండను గదా. అది గుర్తొచ్చింది. ఏడవగూడదా?"

సంగీతం గురించి ఆ తర్వాత నేను చాలా చోట్ల చాలా మాటలు విన్నాను, కొన్ని చదివాను కూడా. అంత సూటిగా ఎవరూ చెప్పలేదు. గుంపు వెనకనుంచి బాసికం కట్టించుకున్న పెళ్లికొడుకు, ముందుకు వస్తూ, మామూలు సంగతి అడిగినట్టు అడిగాడు. "అన్నా, నేను లోపలుండా. నాకు సగమే వినపడింది. ఇంకోసారి పాడతావా?" తర్వాత పెద్దపాప వైపు చూసి, "నన్ను గూడ ఆ ఎక్స్‌ప్రెస్సు శానాసార్లు ఎక్కించుకోలే" అన్నాడు. పెద్దపాప ఏడుపు ముఖంతోనే నవ్వింది. అంతకు ముందు వాళ్లిద్దరూ ఎప్పుడైనా మాట్లాడుకున్నారో లేదో నాకు తెలియదు. ఆ క్షణంలో మాత్రం వాళ్ల పెళ్లి అయిపోయిందనే నాకు అనిపించింది, మిగిలింది తతంగమే.

పాడాం. ఈసారి రెండో లైనుకు హాలంతా గొంతు కలిపింది. మూడో లైను నన్ను పాడనివ్వలేదు. పెద్దమామ చెయ్యెత్తి ఆపి, మీసం తుడుచుకుని, తన లైను తను పాడాడు. "బోరు మీద బోరు వేస్తే, బండ తగిలి నవ్విపాయె!" ఆ గొంతు ఆయనదేనా అని గిద్దలూరు వాళ్లే ఆశ్చర్యపోయారు. ఆ తర్వాత ఎవరి కష్టం వాళ్లు తెచ్చిపెట్టారు. వంటాయన తడి కట్టెల మీద ఒక లైను అందుకున్నాడు, చిన్నాయన అత్త (ఆ చెవుడున్నామే) ఎవరూ తనతో మాట్లాడరని ఇంకోటి అందుకుంది, అది కూడా అందరికంటే గట్టిగా. మేము ఇద్దరం ఉత్త ఊఁ కొట్టేవాళ్లమైపోయాం. అదే మాకు అన్నింటికంటే హాయిగా ఉంది. తలుపు తడుతున్నట్టు గిటారు, పక్కింటి అరుగు మీద మౌత్ ఆర్గాన్. ఎంతసేపు గడిచిందో తెలియదు. పంతులుగారు వేదిక మీదనుంచి, "ముహూర్తం దాటిపోతాంది!" అని కేకేశారు. ఎవరూ వినలేదు. ఆయన ఇంకా గట్టిగా, "ముహూర్తం దాటిపోతాందయ్యా!" అని రెండోసారి అన్నారు. గాలిభాయ్ అలవాటు కొద్దీ ఊపిరి లాగి జవాబు వాయించాడు. హాలు మొత్తం మూడో లైను కోసం ఎదురుచూస్తూ ఆయన వైపు తిరిగింది. పాపం ఆయన, అంతమంది ముఖాలు చూసి, కాసేపు తడబడి, "నాకింకో పెండ్లి ఉండాది" అన్నారు.

పెళ్లి బాగా జరిగింది. డీజే బాక్సులు తాళి కట్టే వేళకు వచ్చి, కిటికీ అద్దాలు అదిరేలా మోగాయి. కానీ జనం వాటిని పట్టించుకోకుండా భోజనాలకు వెళ్లారు. చిన్నాయన నన్ను ఏమీ అనలేదు. మర్నాడు దుకాణం తీశాక, దుమ్ము దులుపుతూ, నా వైపు చూడకుండా, "పాటలెక్కించు. పాడొద్దు" అన్నాడు. గిటారు తిరిగి ఇవ్వడానికి వెళ్తే అయ్యగారికి కబురు ముందే చేరింది. తీగల మీది గ్రీజు మరకను వేలితో రాసి చూసి, "ఆ పాట ఇక్కడ పాడు" అన్నారు. ఖాళీ చర్చిలో పాడాను. విని, కిటికీ వైపు చూస్తూ, "సినిమా పాట కాదు, నిజమే" అన్నారు. గిటారు మళ్లీ యూరియా సంచిలోకి ఆయనే దూర్చారు.

తర్వాత మమ్మల్ని ఎవరూ పెళ్లికి పిలవలేదు. మాకు ఏడుపు పార్టీ అని పేరు పడింది. చంద్రశేఖరపురంలో ఒక మాస్టారి రిటైర్మెంటుకు పిలిచారు, హాస్టలు పిల్లల వీడ్కోలుకు పిలిచారు, అమ్మేసిన ఎద్దుల జతను లారీ ఎక్కించే రోజు ఒక పెద్దాయన తన దొడ్డికే పిలిచాడు. ఆ ఎద్దులకు వాయించినంత శ్రద్ధగా మేము మనుషులకు ఎప్పుడూ వాయించలేదు. నిజమైన బాధలు మాకు ఆ తర్వాత వాటంతట అవే వచ్చాయి. నాయన పోయాడు. గాలిభాయ్ వాళ్ల దుకాణం ఉన్న చోట రోడ్డు వెడల్పు చేశారు. మెమరీ కార్డులు పోయాయి, నా ఉద్యోగమూ పోయింది. ఆ మిగిలిన పేపరు రాసి (పాసై) నేను దర్శిలో ఒక ఆఫీసులో గుమాస్తానయ్యాను. గాలిభాయ్ కురిచేడులో రైలు కట్టకు దగ్గరగా టైర్ల దుకాణం పెట్టుకున్నాడు. అయినా ఆదివారాలు నేను బస్సెక్కి వెళ్తాను. ఇప్పుడు గిటారు నా సొంతం. ఫోను తెరిస్తే లోకంలోని పాటలన్నీ ఉన్నాయి, వినడానికి తీరికే లేదు. ఆ ఇద్దరు ముసలివాళ్ల పాటలు మాత్రం ఇప్పటికీ నేను చివరిదాకా వింటాను. వాటిలో ఇద్దరు మనుషులు, ఒక గది, మధ్యలో కాస్త ఖాళీ, అంతే ఉంటుంది. ఆ ఖాళీలో నాకు కూర్చోవడానికి చోటుంటుంది.

మొన్న ఒక ఆదివారం మధ్యాహ్నం అక్కడే వాయించుకుంటున్నాం. ఒక లారీ డ్రైవరు టైరు పని మీద ఆగి, రేకుల నీడలో కూర్చున్నాడు. గాలిభాయ్ మధ్యమధ్యలో లేచి పని చేస్తూ, మళ్లీ వచ్చి వాయిస్తూ, చివరికి చక్రం బిగించేశాడు. డ్రైవరు కదల్లేదు. "అన్నా, టైరు అయిపోయింది. పోవచ్చు" అన్నాడు గాలిభాయ్.

"చూసినాలే," అన్నాడాయన కళ్లు తెరవకుండానే. "పాట అయిపోలే గదా."

ఆ రోజుల్లో ఈ మాట విని ఉంటే నేను నేలమీద నిలిచేవాణ్ణి కాదు. అప్పట్లో హైదరాబాదులో పెద్ద వేదిక, ముందు వేలమంది, పైన మా ఇద్దరి ఫొటో, ఇవన్నీ రంగులతో సహా నాకు కనబడేవి. ఆటోగ్రాఫుకని తెలుగులో ఒకటి, ఇంగ్లిషులో ఒకటి సంతకాలు కూడా సిద్ధం చేసుకుని, పాత బిల్లుల వెనక రోజూ సాధన చేసేవాణ్ణి. ఆ కుర్రవాడు, అప్పటి నేనే, ఇప్పుడు సందు మలుపులోంచి వచ్చి, రేకుల షెడ్డులో ముగ్గురు నడివయసు మగాళ్లను, వాళ్లలో ఒకడు సగం నిద్రలో ఉండటాన్ని చూస్తే, "ఇంతేనా?" అనేవాడు తప్పకుండా. వాడికి నేనేం చెప్పగలను! కొంచెం జరిగి చోటిచ్చి, కూర్చోమంటాను. వాడు కూర్చోడు, వాడికి తొందర. వెళ్లనిచ్చి, నేను నా మూడో లైను నిదానంగా ఎత్తుకుంటాను.